రాడని తెలిసేదాకా

మా ఇంట్లో పెదనాయన ఫొటో ఒకటి ఉండేది. నెత్తిన మిలట్రీ టోపీ, ఇంకా సరిగా రాని మీసం, ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు చూస్తున్న కళ్ళు. మా నాయనకు ఆయన స్వంత అన్న. నేను పుట్టకముందే బంగ్లాదేశ్ యుద్ధంలో చనిపోయాడు. ప్రతి పంద్రాగస్టుకు మా ఊరి బడి పిల్లలు వచ్చి ఆ ఫొటో పట్టుకుపోయేవారు. జెండా కింద కుర్చీలో పెట్టి, దండ వేసి, మధ్యాహ్నానికి తిరిగి తెచ్చిచ్చేవారు. చిన్నప్పుడు నేను ఆ బంతిపూల దండ తీసి మెడలో వేసుకుని ఊరంతా తిరిగేదాన్ని. అమ్మ కంటపడితే మాత్రం నడిచి వచ్చి, ఒక్క మాటా అనకుండా దండ తీసి పెంటకుప్ప మీద పారేసేది. ఎందుకలా చేస్తుందో అడగాలని నాకు ఎప్పుడూ తోచలేదు.

మా ఊరు తుంగతుర్తి దారిలో ఉంటుంది. నేను సూర్యాపేట మార్కెట్ యార్డులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. నాయన పోయాక అమ్మను నా దగ్గరికే తెచ్చుకున్నాను. కిందటేడు మా ఊరి బడిలో చదివినవాళ్ళంతా కలిసి, బడి గేటు పక్కన పెదనాయన విగ్రహం పెట్టాలని తీర్మానించారు. అందులో ఒకతను, నాకంటే చిన్నవాడు, వడ్ల సీజన్ జోరుమీదున్నప్పుడు ఆఫీసుకు వచ్చాడు.

"అక్కా, రాయి మీద చెక్కనీకి నాలుగు ముక్కలు గావాలె. ఏడ పుట్టిండు, ఏం సదివిండు, ఎట్ల కొట్లాడిండు, గంతే. ఇంటోళ్ళంటే మీరే గద" అన్నాడు.

సరేనన్నాను. అతను వెళ్ళాక కూర్చుని ఆలోచిస్తే నా దగ్గర నాలుగు ముక్కలు కూడా లేవు. ఆయన చనిపోయాడని తెలుసు. బతికిన సంగతే తెలియదు.

సాయంత్రం ఇంటికి వచ్చి అమ్మను అడిగాను. చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తల ఎత్తలేదు.

"నాకేం ఎరుక? మీ అత్తనడుగు. తోడబుట్టింది గద" అని, గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మా మేనత్త మిర్యాలగూడలో ఉంటుంది. నాయనకూ పెదనాయనకూ ఆమె పెద్దక్క. ఎనభై దాటింది. మోకాళ్ళు పనిచేయడం లేదు కానీ జ్ఞాపకశక్తి చెక్కుచెదరలేదు. వాళ్ళ వాడ రైస్ మిల్లుల వెనక ఉంటుంది. బస్సు దిగి అటు తిరగగానే ఉడికిన వడ్ల వాసన ముక్కుకు తగులుతుంది. దండెం మీద ఆరేసిన బట్టలన్నిటి మీదా ఊక నలుసులే. అత్త మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"ఎన్నేండ్లకు యాదికొచ్చిన బిడ్డా నీకు!" అని నా చెంపలు నిమిరింది.

వచ్చిన పని చెప్పాను. విగ్రహమనగానే ఆమెకు నవ్వొచ్చింది.

"వానికి విగ్రహమా! ఉరిమితే ఉరికొచ్చి నా కొంగుల దూరేటోడు. ఇంటోళ్ళందరు ఎక్కిరిచ్చేది. మిలట్రీల గంత సప్పుడు నడుమ ఎట్లున్నడో ఏమో" అంది. అంటూనే నవ్వు ఆగిపోయింది.

అత్త చెప్పింది. సాగర్ కట్ట కడుతున్నప్పుడు మా తాత కుటుంబాన్నంతా తీసుకుని రాళ్ళు మోయడానికి అక్కడికి వెళ్ళాడట. రేకుల గుడిసెల్లో ఏళ్ళ తరబడి ఉన్నారు. పెదనాయన అక్కడే పెద్దవాడయ్యాడు. చదువు అంతకుముందే, మా ఊరి బడిలో ఐదో తరగతితో ఆగిపోయింది.

"రాయి మోసి మోసి కుడి భుజం కిందికి దిగింది బిడ్డా. ఎనకనుంచి సూసినా, ఎంత దూరంల ఉన్నా, ఆ నడకతోని వాడేనని తెలుస్తుండె. ఎడమ భుజానికి మార్చుకోరా అంటె, అలవాటు లేదక్కా అనేటోడు."

"మరి మిలట్రీకి ఎట్ల పోయిండు?"

"కట్ట పని అయిపాయె. ఊరికొస్తె వానల్లేవు. నల్లగొండల మిలట్రీకి తీసుకుంటున్నరంటె పోయి లైన్ల నిలబడ్డడు. బరువు తక్కువున్నడని ఎల్లగొట్టిండ్రట. కడుపు పగిలేటట్టు అరటిపండ్లు తిని, నీళ్ళు తాగి, మళ్ళ పోయి నిలబడ్డడు. దేశం కోసమని పోయిండని నేను చెప్పలేను బిడ్డా. మూడు పూటల అన్నం పెడ్తరని పోయిండు."

ఇది రాయి మీద ఎలా చెక్కించాలా అని ఆలోచిస్తున్నాను. అత్త తన ధోరణిలో తాను చెప్పుకుపోతోంది.

"పెండ్లయినంక గూడ నెల దినాలు లేకపాయె. లడాయి అయితదని జల్ది రమ్మన్నరు. పోయిండు, గంతే."

"పెళ్ళా? పెదనాయనకు పెళ్ళయిందా?"

అత్త గబుక్కున నోరు మూసుకుంది. నా ముఖంలోకి చూసింది. మంచం పట్టె మీద చేయి వేసి అటూ ఇటూ రాసింది.

"మీ అమ్మ చెప్పలేదా?"

"ఏం చెప్పలేదా?"

"ఆమెనే బిడ్డా. వాడు చేసుకున్నది మీ అమ్మనే."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొదట వచ్చిన ఆలోచన, అయితే నేనెవరి బిడ్డనని. యాభై ఏళ్ళ మనిషిని, తెల్లవెంట్రుకలకు రంగు వేసుకునేదాన్ని, చిన్నపిల్లలా ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయాను. అత్త కనిపెట్టింది.

"పిచ్చిదానా, నువ్వు మీ నాయిన బిడ్డవే. వాడు పోయిన రెండేండ్లకు గాని వీళ్ళను కలపలే. నువ్వు ఆ తర్వాత పుట్టినవ్."

మిగతాది కూడా చెప్పింది. ఇంగ్లీషులో ఉన్న టెలిగ్రాం వస్తే బడిపంతులు చదివి చెప్పాడు. కొన్నాళ్ళకు నల్లరంగు ఇనప్పెట్టె వచ్చింది. శవం రాలేదు. వాకిట్లోనే అమ్మ గాజులు పగలగొట్టారు. పుట్టింటివాళ్ళు తీసుకుపోవడానికి బండి కట్టుకుని వస్తే మా నాయనమ్మ బండికి అడ్డం పడుకుంది. కోడలు ఇల్లు దాటితే కొడుకు నిజంగా చచ్చినట్టేనని ఆమె పట్టు. చివరికి పెద్దమనుషులు కూర్చుని, చిన్నోనికిచ్చి చేయమన్నారు. అమ్మకంటే నాయన ఏడాదే పెద్ద.

"మీ నాయినను ఎవరడిగిండ్రు? మీ అమ్మనెవరడిగిండ్రు? వదినె అని పిలిచిన నోరు బిడ్డా వానిది. పెండ్లయినంక ఏడాది దాక కొట్టంలనే పండుకున్నడు, ఎడ్ల కాడ."

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుని నాయన గురించే ఆలోచించాను. నాయన అమ్మను ఏనాడూ 'ఏమే' అనలేదు. మా ఊళ్ళో మగవాళ్ళంతా పెళ్ళాలను 'ఒసే, తే, పో' అంటుంటే, నాయన మాత్రం "అన్నం పెట్టుండ్రి", "తిన్నరా" అనేవాడు. తమ్ముడూ నేనూ చాటున అనుకరిస్తూ నవ్వుకునేవాళ్ళం. నాయన సరదాకు అలా అంటాడని అనుకున్నాం. ఆయన చచ్చిపోయేదాకా మా అమ్మతో వదినెతో మాట్లాడినట్టే మాట్లాడాడని ఆ బస్సులో గానీ నాకు తెలియలేదు.

ఇంటికి వచ్చాక అడగలేకపోయాను. అమ్మ ముందు తిరుగుతూ, అన్నం తింటూ, టీవీ చూస్తూ కొన్ని రోజులు గడిపాను. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మే అడిగింది.

"చెప్పింది గద మీ అత్త?"

"చెప్పింది."

"అనుకున్న. వచ్చిన కాడ్నించి నా మొకం దిక్కు దొంగసూపులు సూస్తున్నవ్."

"ఇన్నేండ్లు ఎందుకు దాచినవమ్మా?"

"దాయలే. చెప్పేటట్టు లేకుండె." కొంగు సర్దుకుంది. "నెల దినాలు బిడ్డా. గప్పుడు మొగని దిక్కు తలెత్తి సూస్తమా? మొకం గూడ సక్కగ యాదికి లేదు. ఆ ఫొటో సూసి సూసి గదే మొకమనుకుంటున్న."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. గొంతు తగ్గించి, పక్కింటివాళ్ళకు వినపడుతుందేమో అన్నట్టు చెప్పింది.

"సచ్చిండని ఎవరు సూసిండ్రు? కాయితం వచ్చింది. పెట్టె వచ్చింది. పెట్టెల రెండు జతల బట్టలు, దుప్పటి, గడ్డం గీసుకునే అద్దం. మనిషి రాలే. నన్ను మీ నాయినకిచ్చి చేసినంక ఎవరో అన్నరు, ఏడనో ఒకాయన లడాయిల తప్పిపోయి ఏండ్లకు తిరిగొచ్చిండని. నిజమో అబద్ధమో. గది విన్నకాడ్నించి నాకు నిద్ర లేదు. సంచి తగిలిచ్చుకొని ఎవడన్న మోటరు దిగొస్తుంటే గుండె ఆగేది. వస్తే నేను ఎవరి దిక్కు నిలబడాలె?"

"నాయనకు చెప్పినవా ఎప్పుడన్నా?"

"ఏమని చెప్పాలె? మీ అన్న వస్తడేమోనని భయమైతుందనా? అన్న రావద్దని కోరుకునే తమ్ముడుంటడా? ఆయన గూడ చెప్పలే. కాని ఎరుకే నాకు. ఆయనకు గూడ గదే భయం."

అప్పుడు గుర్తుచేసింది, ఆ రోజు నీకు యాదుందా అని. యాదుంది. నాకు ఐదేళ్ళుంటాయి. తమ్ముడు అమ్మ కడుపులో ఉన్నాడు. ఎండపొద్దు. ఖాకీ సంచి భుజాన వేసుకుని ఒక మనిషి బస్సు దిగి మా ఇంటివైపు నడిచి వచ్చాడు. అమ్మ చేతిలోంచి నీళ్ళ బిందె జారి వాకిట్లో పడింది. దొర్లుకుంటూ పోయి గోడకు తగిలిన చప్పుడు నాకింకా గుర్తే. ఎవరో చెప్పినట్టున్నారు, నాయన పొలంలోంచి బురదకాళ్ళతో పరిగెత్తుకుంటూ వచ్చాడు. దడి గుంజ పట్టుకుని నిలబడ్డాడు. వచ్చినాయన మా అందరినీ చూశాడు. మంచినీళ్ళు అడిగాడు. తాగాడు. ఏదో ఊరి పేరు చెప్పి, దారెటని అడిగి వెళ్ళిపోయాడు. నన్ను ఎప్పుడూ ఎత్తుకోని నాయన ఆ పూట ఎత్తుకుని, ఊపిరాడనంత గట్టిగా పట్టుకున్నాడు. దించమని నేను ఏడిచాను.

"కాదని తెలిసినంక గూడ మీ నాయిన పొద్దుగూకేదాక నిన్ను దించలే" అంది అమ్మ. తర్వాత నా మోచేయి పట్టుకుంది. "విగ్రహం సంగతి నాకొద్దు. ఆయన సచ్చింది కండ్లతోని సూసినోళ్ళు ఎవరన్న ఉన్నరేమో జర కనుక్కుంటవా?"

సూర్యాపేట కొత్త బస్టాండ్ దగ్గర ఒక టీ హోటల్లో మాజీ సైనికులు పొద్దుటిపూట కూడుతుంటారు. అక్కడికి పోయి, ఫొటో వెనక రాసి ఉన్న పెదనాయన పటాలం పేరు చెప్పాను. వాళ్ళు వీళ్ళకు ఫోన్లు చేయగా చేయగా, కోదాడలో అదే పటాలంలో చేసిన పెద్దాయన ఒకరున్నారని తేలింది. నంబరు తీసుకుని మాట్లాడాను. మా ఊరు, పెదనాయన పేరు చెప్పాను.

"వాడి తమ్ముడి కూతురివా? రామ్మా. త్వరగా రా" అన్నాడు.

కోదాడ బస్టాండు వెనక చిన్న డాబా ఇల్లు. ముందుగదిలో గోడకు ఏసుక్రీస్తు పటం, దాని పక్కన అద్దాల పెట్టెలో పతకాలు. ఆయన పొడుగు మనిషి. కుడి చెవి వినపడదు. ఎడమవైపు కూర్చోమన్నాడు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్ళింది.

"బ్యారక్‌లో మా ఇద్దరివే పక్క పక్క మంచాలు. అక్కడ తెలుగోళ్ళు తక్కువ. వాడి తెలుగు వేరు, నా తెలుగు వేరు. నేను 'అక్కడ' అంటే వాడు 'గాడ' అనేవాడు. మొదట్లో ఎక్కిరించేవాణ్ణి. ఆర్నెల్లకు నాకూ అదే మాట వచ్చేసింది" అన్నాడు.

"ఎట్ల చనిపోయిండు బాబాయ్?"

అడిగాక తొందరపడ్డానేమో అనిపించింది. ఆయన మాత్రం ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు చెప్పాడు.

"పొద్దునపూటమ్మా. కాల్పులు కూడా లేవు. కోతలైన వరిపొలాలు, మన మిర్యాలగూడ వైపు ఉన్నట్టే ఉండేది ఆ నేల. గట్ల పక్కన కందకాలు తవ్వుకుని ఉన్నాం. వెనక వంటలు చేసే చోటు నుంచి టీ తేవాలి. ఆ పూట వంతు నాది. బూట్లు తడిసి నా కాళ్ళు పుండ్లు పడ్డాయి. 'నువ్వు కూసో, నేను తెస్త' అని కెటిల్ తీసుకుని పోయాడు. తిరిగొస్తుంటే షెల్ పడింది."

పతకాల పెట్టె వైపు చూశాడు. "శత్రువుతో పోరాడుతూ అని కాగితంలో రాశారు. రాయాలి. టీ తెస్తూ పోయాడని ఏ తల్లికి రాస్తారు?"

"మరి ఆ తర్వాత?"

"నేనే కాల్చాను. మా వాళ్ళలో పూడ్చడమే తప్ప కాల్చడం లేదు. వాడికి నిప్పు పెట్టాలన్నారు. వాడి భాష తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. అందుకని కట్టె నా చేతికే ఇచ్చారు. తడికట్టెలు. డీజిల్ పోస్తే గానీ అంటుకోలేదు."

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. ఆయన ఇంకేదో చెప్పాలని చూస్తున్నాడు.

"మీ ఊరికి కూడా వచ్చానమ్మా ఒకసారి. చాలా ఏళ్ళకు, లీవులో. వాడి వాళ్ళకు నా నోటితో చెప్పాలని. ఇల్లు అడిగి తెలుసుకునే వెళ్ళాను. వాకిట్లో ఒకామె, నిండు మనిషి, పక్కనే చిన్నపిల్ల. వాడి తమ్ముడు ఉరుకుతూ వచ్చి దడి దగ్గర నిలబడ్డాడు. చూడగానే, వాడి భార్యను తమ్ముడికిచ్చి చేశారని నాకు అర్థమైంది. మంచినీళ్ళు తాగి వచ్చేశాను."

ఆ చిన్నపిల్లను నేనేనని ఆయనకు చెప్పాను. ఆయన నా ముఖం పరీక్షగా చూశాడు. కానీ ఆయన వెళ్ళాక మా ఇంట్లో ఏం జరిగిందో, ఎన్నేళ్ళు జరిగిందో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ రోజు కోదాడ నుంచి సూర్యాపేట దాకా బస్సులో నిలబడే వచ్చాను. సీట్లు ఖాళీ అయినా కూర్చోలేదు. ఆ పొద్దున వంతు ప్రకారం ఈయనే టీకి పోయి ఉంటే పెదనాయన తిరిగి వచ్చేవాడు. అమ్మ ఆయనతో కాపురం చేసేది. నాయన ఇంకెవరినో చేసుకునేవాడు. నేను ఉండేదాన్ని కాదు, తమ్ముడు ఉండేవాడు కాదు, నా పిల్లలుండేవారు కాదు. ఇది తెలిశాక ఆయన చావుకు నేను ఏడవాలో, ఏమనుకోవాలో తోచలేదు. ఇప్పటికీ తోచడం లేదు.

అమ్మకు చెప్పాను, చూసినాయన దొరికాడని. మా ఇంటికి వచ్చి వెళ్ళిన మనిషి ఆయనేనన్న సంగతి మాత్రం దాచుకున్నాను.

"నన్ను తీస్కపో. నా చెవులతోని వినాలె" అంది.

కారు కిరాయికి మాట్లాడుకుని వెళ్ళాం. నాయన బతికున్నప్పుడు కొనిచ్చిన నీలం చీర కట్టుకుంది అమ్మ. పెద్దాయన గుమ్మం దాకా ఎదురొచ్చి చేతులు జోడించాడు. పెదనాయన పోయిన సంగతంతా అమ్మకు మళ్ళీ చెప్పాడు, నెమ్మదిగా. అమ్మ నేల చూస్తూ విన్నది. అంతా అయ్యాక అడిగింది.

"ఆయనేనని ఎట్ల గుర్తువట్టిండ్రన్నా? మొకం ఉన్నదా?"

ఆయన నా వైపు చూశాడు. చెప్పనా వద్దా అన్నట్టు. నేను తల ఊపాను.

"ముఖం లేదు చెల్లెమ్మా. కుడి భుజం దిగి ఉండేది కదా వాడికి. రైఫిల్ ఎప్పుడూ ఆ వైపు జారిపోయేది, హవల్దారు తిట్టేవాడు. ఆ భుజం నాకు తెలియదా? ఆ భుజం పట్టుకునే పైకి లేపాను."

అమ్మ కళ్ళు మూసుకుంది. గట్టిగా ఒక ఊపిరి వదిలింది. ఏళ్ళనాటి బరువు దిగిందని నేను అనుకుంటుండగానే, ఆ పెద్దాయన తనంతట తాను ఆ రోజు మా ఊరికి వచ్చిన సంగతి ఎత్తాడు. దాచడం ఆయనకు చేతకాలేదు.

అమ్మ కళ్ళు తెరిచింది.

"మీరేనా? ఖాకీ సంచి?"

"నేనే."

"నీళ్ళు తాగి పోయిండ్రు గదన్నా!" అమ్మ గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. "ఒక్క మాట చెప్తే ఏమైతుండె? సచ్చిండు, నేను సూసిన అని ఒక్క మాట! మా ఆయన బతికినన్ని దినాలు తన ఇంట్ల తాను దొంగ తీర్గ బతికిండు. అన్న ఇల్లు, అన్న పెండ్లాము అనుకుంటనే సచ్చిపోయిండు."

పెద్దాయన తల దించలేదు. "నువ్వు నిండు చూలాలివి. ఆయన నా కేసి చూడ్డం లేదు, నీ కేసి చూస్తూ వణుకుతున్నాడు. చచ్చినవాడి పేరు ఆ వాకిట్లో ఎత్తితే ఏమవుతుందోనని భయపడ్డాను. మీరింకా వాడు వస్తాడని అనుకుంటున్నారని నాకేం తెలుసు చెల్లెమ్మా? టెలిగ్రాం వచ్చింది కదా, తెలిసే ఉంటుందనుకున్నాను."

అమ్మ లేచింది. ఆయన భార్య అన్నం తిని వెళ్ళమని చేయి పట్టుకుంది. వద్దమ్మా అని చేయి విడిపించుకుంది. చెప్పులేసుకుని మెట్లు దిగింది. మళ్ళీ గుమ్మం దాకా వెనక్కి వచ్చింది.

"టీకి ఆయనంతట ఆయనే పోయిండా? ఎవరన్న పొమ్మన్నరా?"

"ఎవరూ పొమ్మనలేదు. వాడే పోయాడు."

అమ్మ తల ఊపి కారెక్కింది. మునగాల దాటేదాకా బాగానే ఉంది. దాటాక కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది. డ్రైవరు కారు ఆపాడు. పక్కన లారీలు పోతున్నాయి. ఆమె వీపు మీద చేయి వేసి కూర్చున్నాను. పెదనాయన కోసం ఏడుస్తోందనుకున్నాను.

"మీ నాయిన వినకపాయె బిడ్డా. గీ ఒక్క మాట మీ నాయిన వినకపాయె" అంది.

మర్నాడు ఊరికి తీసుకుపొమ్మంది. నాయన సమాధి మా చెలకలోనే ఉంది. నన్ను గట్టు మీదే ఉండమని ఒక్కతే పత్తి చేను మధ్య నుంచి నడిచి వెళ్ళింది. దూరం నుంచి ఆమె చేతులు కదలడం కనిపించింది, మాటలు వినపడలేదు. వచ్చాక ఏం చెప్పావని నేను అడగలేదు.

రాయి మీదికి నేను రాసిచ్చిన ముక్కల్లో సాగర్ కట్టకు రాళ్ళు మోశాడని ఉంది. "గది ఎందుకక్కా, మంచిగుండది" అని తీసేశారు. 'వీరోచితంగా పోరాడి' అని చేర్చారు. టీ సంగతి నేనే రాయలేదు. రాయకపోవడం సరైనదేనా అంటే చెప్పలేను. భార్య పేరు చెక్కిస్తామంటే అమ్మ వద్దంది. "నేను ఆయన తమ్ముని భార్యను. గట్లనే ఉండనియ్యుండ్రి" అంది.

విగ్రహానికి గుబురు మీసాలు పెట్టారు. రెండు భుజాలూ సమానంగా ఉన్నాయి. ఆవిష్కరణ రోజున పెద్ద పెద్దవాళ్ళు మాట్లాడారు. అమ్మ చేత దండ వేయించారు. ఒక చానల్ అమ్మాయి మైకు పట్టుకుని వచ్చి, ఆయన ఎలాంటి మనిషో చెప్పమ్మా అని అడిగింది.

"నాకు తెల్వదు బిడ్డా. నెల దినాలే సూసిన" అంది అమ్మ. ఆ అమ్మాయికి ఏం చేయాలో తెలియక మైకు ఇంకొకరి ముందు పెట్టింది.

కుర్చీల వరసల్లో అమ్మ ఎవరినో వెతుకుతోంది. "కోదాడన్న రాలేదా?" అంది. పిలిచాను, రాలేదు. అక్కడి నుంచే ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తింది. మీరొచ్చి పోయిన దగ్గర్నించి సరిగా అన్నం తినడం లేదు, మంచం మీదే ఉంటున్నాడు అంది. ఆ మాట అమ్మకు చెప్పాను. "ఆదివారం పోదాం" అంది.

వెళ్ళాం. ఆయన లేవబోతే అమ్మ వద్దని వారించి, కుర్చీని ఎడమ చెవి వైపు జరుపుకుని కూర్చుంది. ఆ రోజు అన్న మాటలకు మన్నించమని ఆమె అనలేదు, అప్పుడు చెప్పనందుకని ఆయనా అనలేదు.

"ఆయనకు గాడ తిండి పడేదా అన్నా?" అని అడిగింది అమ్మ.

ఆయన కొంచెం లేచి దిండుకు ఆనుకున్నాడు. రొట్టెలు తినలేక మొదట్లో ఏడ్చేవాడని మొదలుపెట్టాడు. నేను లేచి వరండాలోకి వచ్చి కూర్చున్నాను. ఆయన భార్య నా పక్కన కూర్చుని పెసలు బాగుచేస్తోంది. లోపల అమ్మ మళ్ళీ ఏదో అడుగుతోంది. ఆయన చెప్తున్నాడు. ఆ మాటలు వినాలనీ అనిపించింది, వినకూడదనీ అనిపించింది. కుర్చీ ఇంకొంచెం దూరం జరుపుకున్నాను.